పాసివ్ వాయిస్ రానివాడు ఆఫీసరెలా అవుతాడు?

పదో తరగతి పరీక్షల ముందు ఇంగ్లీషు గ్రామరును బట్టీ పట్టించి, పరీక్ష కాగానే మరిచిపోనిస్తున్నారు. ఇది శుద్ధ అమాయకత్వం. సిలబస్ వేసిన పెద్దలు పిల్లల్ని తయారుచేస్తున్నది పరీక్ష హాలుకు కాదు, ప్రజాజీవితానికి.

పాసివ్ వాయిస్‌నే తీసుకోండి. కర్మను ముందుకు తేవాలి, కాలానికి తగిన 'బి' రూపం పెట్టాలి, క్రియ మూడో రూపం రాయాలి, 'బై' తగిలించి కర్తను చివరికి నెట్టాలి. 'ద కాంట్రాక్టర్ డగ్ ద రోడ్' కాస్తా 'ద రోడ్ వాజ్ డగ్ బై ద కాంట్రాక్టర్' అవుతుంది. ఇక్కడితో ఆగినవాడికి మార్కు వస్తుంది, ప్రమోషన్ రాదు. కర్త తెలియకపోయినా, చెప్పనక్కర్లేకపోయినా 'బై' భాగం ఎత్తేయొచ్చని నియమం ఉంది చూశారూ, అసలు విద్య అది. 'ద రోడ్ వాజ్ డగ్.' రోడ్డు తవ్వబడెను. వ్యాకరణం నూటికి నూరు పాళ్లూ సరి. ఎవరు తవ్వారని అడగడానికి వాక్యంలో మనిషే లేడు.

పిల్లలు తరచూ దెబ్బతినేది 'బీయింగ్' దగ్గర. దాన్ని మింగేసి 'ద రోడ్ ఈజ్ లెయిడ్' అని రాస్తే, రోడ్డు పడిపోయిందనుకుని జనం బండ్లేసుకొస్తారు. 'ఈజ్ బీయింగ్ లెయిడ్' అనాలి. అంటే పని నడుస్తోంది. ఎన్నాళ్లయినా నడవొచ్చు, ఆ రూపానికి గడువు లేదు. పూర్తయితే 'హాజ్ బీన్ లెయిడ్'. అయితే దాని పక్కన '2019లో' అని వేయకూడదు, ఏడాది చెప్పాలంటే 'వాజ్ లెయిడ్'కి దిగాలి. తేదీ అడగని ప్రెజెంట్ పర్ఫెక్టే ప్రగతి నివేదికలకు శ్రేయస్కరం. ఒక్క జాగ్రత్త: నిద్రపోవడం లాంటి అకర్మక క్రియలకు కర్మ ఉండదు కనుక పాసివ్ కుదరదు. మీటింగులో కునుకు తీసిన అధికారిని గ్రామరు కూడా కాపాడలేదు.

ఇన్‌డైరెక్ట్ స్పీచ్ హామీల విభాగం. 'ఐ విల్ కమ్ టుమారో' అన్నారా? 'హి సెడ్ దట్ హి వుడ్ కమ్ ద నెక్స్ట్ డే' అని రాయండి. 'విల్' నీరసించి 'వుడ్' అయింది, రేపు మర్నాడైంది, 'నేను' అన్నవాడు 'అతను' అయిపోయాడు. 'సెడ్ టు'ని 'టోల్డ్'గా మార్చినవారు 'టు'ని కూడా తీసేయాలి. 'టోల్డ్ టు మి' అంటే మార్కు పోతుంది. భూమి గుండ్రంగా ఉంది వంటి శాశ్వత సత్యాలకు మాత్రం కాలం మారదు. హామీలను ఆ కోవలో చేర్చే సాహసం ఏ గైడూ చేయలేదు.

ఆర్టికల్స్‌కు అక్షరం కాదు, ఉచ్చారణ ముఖ్యం. 'యాన్ ఎమ్మెల్యే' అనాలి. ఆయనే మంత్రయితే 'ఎ మినిస్టర్', వెంటనే 'యాన్' ఊడుతుంది.

పోలికలు చెప్పే డిగ్రీస్ పాఠంలో 'హైదరాబాద్ ఈజ్ వన్ ఆఫ్ ద బిగ్గెస్ట్' తర్వాత 'సిటీస్' అని బహువచనం రావాలి. పాజిటివ్‌లో, అంటే ఉత్త 'బిగ్'తో, దాన్ని 'వెరీ ఫ్యూ సిటీస్ ఇన్ ఇండియా ఆర్ యాజ్ బిగ్ యాజ్ హైదరాబాద్' అనాలి. 'నో అదర్ సిటీ' అని మొదలెడితే తప్పు, అది ఒక్కటే గొప్పదైనప్పుడు వాడే మాట. ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్లో ప్రకటనలు చూసి ఈ పాఠం నేర్పబోకండి. అక్కడ ప్రతి కాలేజీదీ 'నో అదరే'.