పన్ను నంబరు 36, ఒక కాపిబారా

గుంటూరులో బీడీఎస్ చదివి, అక్కడే ప్రాక్టీసు చేసి, పెళ్ళయి అమెరికా వచ్చిన అమ్మాయి ఇక్కడ మళ్ళీ డాక్టరనిపించుకోవాలంటే పెద్ద తతంగమే ఉంది. ముందు ఐఎన్‌బీడీఈ అని 500 ప్రశ్నల పరీక్ష, అదీ ఒక్కరోజులో తెమలదు, మొదటిరోజు 360, రెండోరోజు 140. అది గట్టెక్కాక ఇక్కడి డెంటల్ కాలేజీలో సీటు తెచ్చుకుని ఇంకో రెండు మూడేళ్ళు చదవాలి, ఆ ఫీజులు చూస్తే ఉన్న పళ్ళు కూడా ఊడిపోతాయి. అందుకని చాలామంది ఈలోపు ఏదో ఒక క్లినిక్కులో డెంటల్ అసిస్టెంటుగా చేరతారు, ఇక్కడి పద్ధతులు తెలుస్తాయి, నాలుగు డాలర్లూ వస్తాయి.

మా వదిన కూడా అదే అనుకుంది. హెచ్4 మీద, అంటే మొగుడి వీసాకి తోకగా వచ్చే వీసా మీద ఉన్న తనకి, ఉద్యోగం చేసుకోవచ్చనే ఈఏడీ కార్డు చేతికొచ్చిన వారంలోనే, టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో వాళ్ళింటికి దగ్గర్లోని ఒక క్లినిక్కు అసిస్టెంటు కావాలని ప్రకటన ఇచ్చింది. రెజ్యూమెతో పాటు కవర్ లెటర్ పంపాలి, పేజీ దాటకూడదు.

వదిన పిల్లాడు పడుకున్నాక కూర్చుని అరగంటలో రాసేసింది. నోట్లో ఊరే నీళ్ళు లాగేసే సక్షన్ గొట్టం పట్టుకోవడం, పళ్ళ అచ్చు తీసే ఆల్జినేట్ పొడిని ఉండలు కట్టకుండా కలపడం, పరికరాలు కడిగి పౌచుల్లో పెట్టి, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర పెట్టడం, కుర్చీ చూడగానే ఏడుపు లంకించుకునే పిల్లల్ని మాటల్లో పెట్టడం, ఇవన్నీ వచ్చని రాసింది. చక్కగా ఉంది. అక్కడితో పంపేసి ఉంటే నాకు ఇది రాసే పని ఉండేది కాదు.

కానీ ఆ ఇంట్లో అప్పుడు మా నాన్న ఉన్నారు. మండల రెవెన్యూ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. విజిటర్ వీసా మీద ఆరు నెలలకని వచ్చి, పక్కింటివాళ్ళ పచ్చిక ఎప్పుడు కోస్తున్నారో లెక్క చూసుకుంటూ బతుకుతున్నారు. అలాంటాయన ఎదురుగా ఒక డ్రాఫ్టు పడింది.

"ఏమ్మా, సబ్జెక్టు ఏదీ? రిఫరెన్సు ఏదీ?" అన్నారు కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

"ఇక్కడ అలా రాయరు మావయ్యగారూ."

"ఎక్కడైనా ఫైలు ఫైలేనమ్మా. నువ్వు పడుకో, నేను చూస్తాలే."

పొద్దున్నకి చూస్తే పైన "సబ్: ఎస్టాబ్లిష్‌మెంట్ – డెంటల్ అసిస్టెంట్ పోస్టు – అప్లికేషన్ సబ్మిటెడ్ – రెగార్డింగ్" అని ఉంది. కింద "రెఫ్: 1) తమ వెబ్‌సైటు ప్రకటన". ఆ తర్వాత "ఐ బెగ్ టు సబ్మిట్" తో మొదలై వాక్యం ఆగకుండా సగం పేజీ నడిచింది. చివర జతపరచిన పత్రాల జాబితా: టెన్త్ మార్కుల మెమో, స్టడీ సర్టిఫికెట్, కుల ధ్రువీకరణ పత్రం. టెక్సాస్‌లో పళ్ళ క్లినిక్కుకి కులం సర్టిఫికెట్ ఎందుకు నాన్నా అని మా అన్నయ్య నెత్తి కొట్టుకుంటే, "తర్వాత అడిగితే మీసేవకి ఎవర్రా వెళ్ళేది, నువ్వా?" అన్నారు. దానికి జవాబు లేదు నిజంగానే.

అసలు గొడవ డాక్టరు దగ్గర వచ్చింది. వదిన తన పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోలేదు. అసిస్టెంటు పోస్టుకి డాక్టరొస్తే, పరీక్ష పాసవగానే మానేస్తుందని తీసుకోరేమోనని తన భయం. నాన్నకి ప్రాణం ఉసూరుమంది. పెళ్ళి శుభలేఖ మీద ఆ 'డాక్టర్' కోసం ఆయన ప్రెస్సువాడితో తగువు పెట్టుకుని మరీ బంగారు అక్షరాలు వేయించారు మరి.

"మానేస్తావని ఎందుకనుకుంటారమ్మా?"

"మానేస్తాను కదండీ."

ఆయన కాసేపు ఆలోచించి, "అది మాత్రం రాయకు" అన్నారు.

ఇంతలో అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "నా పన్ను సంగతి రాశారా?" ఎడమవైపు కింది దవడ పన్ను, పెళ్ళయిన కొత్తల్లో వదినే రూట్ కెనాల్ చేసింది. ఇప్పటికీ అమ్మ ఆ వైపునే జంతికలు నములుతుంది, పట్టుదలగా. వెంటనే నాన్న ఇంగ్లీషులో ఒక వాక్యం కట్టారు. "అభ్యర్థిని తన స్వంత అత్తగారి పన్ను నంబరు 36కు విజయవంతంగా చికిత్స చేసియున్నారు, ఈ తేదీ వరకు సదరు అత్తగారి నుండి ఎట్టి ఫిర్యాదూ లేదు" అన్న తాత్పర్యం వచ్చేట్టు. నన్నడిగితే ఏ కోడలికైనా ఇంతకంటే పెద్ద యోగ్యతాపత్రం దొరకదు.

అన్నయ్య వంతు సాయంత్రం వచ్చింది. వాడు సాఫ్టువేరు. లెటర్ని మనుషుల కంటే ముందు మిషన్ చదువుతుంది కాబట్టి కీవర్డ్స్ ఉండాలన్నాడు. పేషెంటు ఉన్నచోటల్లా స్టేక్‌హోల్డర్ అని మార్చాడు. నోరు శుభ్రం చేయడం 'ఎండ్ టు ఎండ్' అయింది. అంత చేసినవాడు 36 దగ్గర ఆగిపోయాడు. "మనిషికి 32 పళ్ళే కదే?"

వదిన ఓపిగ్గా చెప్పింది. మన దగ్గర నోటిని నాలుగు భాగాలు చేస్తారు, మొదటి అంకె భాగానిది, రెండోది ఆ భాగంలో మధ్యలోంచి లెక్కేస్తే వచ్చే పన్నుది, 36 అంటే ఎడమ కింది భాగంలో ఆరో పన్ను. అమెరికావాళ్ళు పైన కుడివైపు జ్ఞానదంతం నుంచి మొదలెట్టి వరసగా 32 దాకా లెక్కేస్తారు, వీళ్ళకి అదే పన్ను 19. సరేనని 19 చేశాడు. రాత్రి వదిన అన్నీ తీసిపారేసి తన లెటర్ తను తెచ్చుకుంది, అత్తగారి వాక్యం ఒక్కటి తప్ప. అది తీస్తే పొద్దున్న కాఫీ దగ్గర ఏమవుతుందో తనకి తెలుసు.

పంపే పని అన్నయ్య తీసుకున్నాడు. పీడీఎఫ్ పాతకాలం అట, ఆఫీసులో వాళ్ళు లింకులే పంపుకుంటారట, ఎప్పుడూ తాజా వెర్షనే ఉంటుందట. గూగుల్ డాక్ లింకు మెయిల్లో పెట్టి పంపేశాడు. నాన్న ట్యాబ్‌లోంచి దిద్దుకోవడానికి వీలుగా, లింకు ఉన్నవాళ్ళెవరైనా మార్చొచ్చు అని పెట్టిన సెట్టింగు అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున నేను అక్కడే సోఫాలో ఉన్నా. వదిన పిల్లాణ్ణి స్కూల్లో దింపడానికి వెళ్ళింది. నాన్న లుంగీ బనీనులో కూర్చుని ట్యాబ్ తెరిచి, "ఎవరో నా డ్రాఫ్టంతా తీసేశారే" అని గొణుక్కుంటూ మళ్ళీ మొదటినుంచి టైపు చేయడం మొదలెట్టారు, ఒక్కవేలితో. సబ్ వచ్చింది. రెఫ్ వచ్చింది. 19ని కొట్టేసి 36 చేశారు, "కేసు షీట్లో ఉన్నది మార్చకూడదు" అని నాకు చెప్పి మరీ. అప్పుడు పైన కుడిమూల రంగు గుండ్రంలో ఒక బొమ్మ ప్రత్యక్షమైంది. పక్కన పేరు: అనానిమస్ కాపిబారా. ఎవరో తెలియనివాళ్ళు లింకు తెరిస్తే గూగుల్ ఇలా ఏదో ఒక జంతువు పేరు తగిలిస్తుంది.

"ఫైల్లోకి ఏదో జంతువొచ్చిందే" అన్నారు.

అమ్మ వంగి చూసింది. "పందికొక్కులా ఉందండీ. వైరస్సేమో, ముయ్యండి."

సూపరింటెండెంటు ఫైలు మూస్తాడా? "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" కింద, ఉత్తరంలోనే, "మే ఐ నో హూ ఈజ్ దిస్ ప్లీజ్?" అని కొట్టారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆయన గీత కిందే ఇంకో రంగు గీత మెరిసి, ఒక్కో అక్షరం పడింది: "హాయ్! ఐ యామ్ ది ఆఫీస్ మేనేజర్."

నాన్న లేచి నిలబడ్డారు. లోపలికెళ్ళి చొక్కా వేసుకుని వచ్చారు. బొత్తాలు పెట్టుకుని, కూర్చుని, ఈసారి రెండు వేళ్ళతో కొట్టారు: "రెస్పెక్టెడ్ మేడమ్, డ్రాఫ్ట్ అండర్ సబ్మిషన్. ఫెయిర్ కాపీ విల్ బి పుటప్ బై ఈవెనింగ్."

వదిన తలుపు తీసేసరికి ఇదీ పరిస్థితి. ట్యాబ్ చూసింది, మావగారి చొక్కా చూసింది, టెన్షన్‌తో చెప్పులు విప్పడం కూడా మర్చిపోయింది. అంతలో ఫోన్ మోగింది. స్పీకర్లో పెట్టింది, చేతులు వణుకుతుంటే చెవి దగ్గర ఆనడం లేదట.

కాపిబారా గొంతు చాలా మర్యాదగా ఉంది. లెటర్ ఎవరో మారుస్తుంటే చూశాను, సరదాగా ఉంది అంది. ఒకటే సందేహం, ఆ 36 ఎక్కడిది, మా దగ్గర 32తో అయిపోతాయి కదా అంది. వదిన మొత్తం లెక్క మళ్ళీ చెప్పింది, అటు నుంచి "ఓ, 19!" అని మగ గొంతు వినబడింది, అంటే డాక్టరు కూడా పక్కనే నిలబడి చదువుతున్నాడు. ఎక్స్‌రే తీయడానికి టెక్సాస్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగారు, ఇంకా లేదు, తీసుకుంటాను అంది. సరే, గురువారం వర్కింగ్ ఇంటర్వ్యూకి రా, సగం పూట పని చేసి చూపించు అన్నారు.

అన్నయ్య ఆ సాయంత్రం, లింకు వల్లే పిలిచారని రిక్లైనర్లో వెనక్కి వాలి ప్రకటిస్తుంటే, వదిన వాడి నోట్లో చెంచా పెట్టి ప్రాక్టీసు మొదలెట్టింది. అలవాటుగా డాక్టరు పక్కకే వెళ్తోంది, పేషెంటు తలని గడియారంలో 12 అనుకుంటే, కుడిచేతివాటం డాక్టరు 9కీ 12కీ మధ్య కూర్చుంటాడు, అసిస్టెంటు చోటు అవతల 2 నుంచి 4 దాకా. రెండుసార్లు లేచి ఇటు వచ్చి, మూడోసారి చెంచాతో అన్నయ్య పెదవి లాగి ఉంచి, "ఇలాగే ఉండండి, మాట్లాడకండి" అంది. పెళ్ళయ్యాక వాడు అంతసేపు మాట్లాడకుండా ఉండడం నేను చూడలేదు.

నాన్న మాత్రం ఇంకా ఫైలు దగ్గరే ఉన్నారు.

"అమ్మాయ్, సగం పూట పనంటున్నారు, టీఏ డీఏ సంగతి అడిగావా?"