తాళం వెనక కంప్యూటర్లు

జూన్ 12న బళ్లు తెరుస్తారు. ఆ వారంలో మీ ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో కంప్యూటర్ గది తలుపు తీయించి చూడండి. సగం మిషన్లు వెలిగితే గొప్పే. వెలగనివాటి ఎదురుగా రిజిస్టర్‌లో 'పనిచేయుట లేదు' అన్న ముక్క ఎక్కుతుంది. మరమ్మతుకు డబ్బుల్లేవు గనుక మరుసటి ఏడాదీ అదే ముక్క.

విప్పి చూస్తే చాలావాటి జబ్బు చిన్నదే. మదర్‌బోర్డు, అంటే లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే కంప్యూటర్ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లవు, బ్రౌజర్ పేజీ తెరవనంటుంది. 'నెట్ రావట్లేదు' అని గది మూసేస్తారు. ఫ్యాన్ తిరుగుతున్నా స్క్రీన్ నల్లగానే ఉంటే చాలాసార్లు తప్పు ర్యామ్ అనే మెమరీ కార్డుది. ప్లగ్గు పీకి, ర్యామ్ బయటికి తీసి, మసకబారిన బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, 'టక్'మనేదాకా నొక్కితే సరి. యూపీఎస్ మాత్రం అంత తేలిగ్గా లొంగదు. అందులోని 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ కరెంటు కోతలో పూర్తిగా దిగిపోయాక అలాగే సెలవులకు వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఇక ఛార్జి పట్టదు, మార్చాల్సిందే. రెండు వారాలకోసారి ఎవరైనా ఓ పూట స్విచ్ వేసి ఉంచితే ఆ ఖర్చు తప్పేది.

ఎవరూ వేయరు. తాళం చెవి ప్రధానోపాధ్యాయుడి బీరువాలో ఉంటుంది మరి. మౌస్ పోయినా, మానిటర్ పగిలినా ఆడిట్‌కు జవాబు చెప్పాల్సింది ఆయనే. వాడితే పాడవుతుంది, పాడైతే సంజాయిషీ ఇవ్వాలి. వాడకపోతే అడిగే నాథుడు లేడు. ఈ లెక్కలో ఎంత మంచి హెడ్‌మాస్టరైనా తాళం వైపే మొగ్గుతారు.

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చాయి. ప్రైవేటు సంస్థలే పరికరాలు పెట్టి, బోధకులను నియమించి, ఐదేళ్లు నడిపి బడికి అప్పగించాలన్నది ఒప్పందం. గడువు తీరాక బడికి మిగిలినవి ఐదేళ్ల పాత మిషన్లు. బోధకులు ఇంటికి పోయారు. కేరళ అలా చేయలేదు. ఉన్న టీచర్లకే శిక్షణ ఇచ్చింది, విండోస్‌కు బదులు వాడే, లైసెన్సు రుసుము లేని లినక్స్‌ను బడులకు తగ్గట్టు మలుచుకుంది, 2018లో 'లిటిల్ కైట్స్' పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టింది. ఆ లినక్స్ అవసరం ఇప్పుడు మనకూ వచ్చిపడింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి ఉచిత మద్దతు ఆగింది, పాత మిషన్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. తుక్కుకు వేసే ముందు పాత హార్డ్‌డిస్క్ తీసి దాని చోట వేగంగా పనిచేసే 240 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టి, 4 జీబీ ర్యామ్‌తో లినక్స్ వేసి చూడాలి. టైపింగ్‌కు, లెక్కల షీట్లకు ధారాళంగా సరిపోతుంది. నెట్ లేని బడిలో నెట్ లేకున్నా పేజీలు చూపే కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో తెలుగు వికీపీడియాను అందులోనే పెట్టుకోవచ్చు.

పెద్దల శిక్షణకు వద్దాం. 2017లో మొదలై 2024 మార్చి 31తో ముగిసిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ లక్ష్యం ఇంటికొకరు చొప్పున 6 కోట్ల మంది. 6.39 కోట్ల మందికి శిక్షణ ఇచ్చామన్నది కేంద్ర ప్రభుత్వం లెక్క. శిక్షణ 20 గంటలు. పరీక్ష నెగ్గిన మనిషికి శిక్షణ కేంద్రం చేతికొచ్చేది 300 రూపాయలు, అంటే గంటకు 15. అందులోనే గది అద్దె, కరెంటు, నేర్పేవారి జీతం. ఆ డబ్బుకు ప్రశ్నలు బట్టీ పట్టించడమే గిట్టుబాటు.

మౌస్ ఎన్నడూ పట్టని చేతికి మొదటి రెండు గంటలు డబుల్ క్లిక్‌కే పోతాయి; నొక్కేటప్పుడు చేయి కదిలి ఫైలు పక్కకు జరుగుతుంది. పేకముక్కల ఆట ఆడిస్తే ఆ వణుకు తగ్గుతుంది, దాన్ని కాలక్షేపం అనుకోవద్దు. తెలుగు టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరికలోనే మొదలెట్టాలి. షిఫ్ట్ పట్టుకుని డి, తర్వాత సి, డి, సి కొడితే 'అమ్మ' వస్తుంది. షిఫ్ట్ లేని డి అంటే పొల్లు అని వేలికి తెలిస్తే ఒత్తులన్నీ వచ్చేసినట్టే. పాత అను ఫాంట్లలో నేర్పేవారు ఇంకా ఉన్నారు. అది అన్ని మిషన్లూ చదివే యూనికోడ్ పద్ధతి కాదు కాబట్టి అందులో కొట్టిన అర్జీ ఫోన్‌లో తెరిస్తే గజిబిజి గీతలే.

మండలానికో టెక్నీషియన్, ఆయన బండి మీద ఓ పెట్టె: నాలుగు ర్యామ్‌లు, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లు రెండు, డజను సీఆర్2032లు, కేబుల్ కొనలు బిగించే క్రింపింగ్ టూల్. కావాల్సింది ఇంతే. వాడకంలో పాడైన పరికరానికి సంజాయిషీ అడగబోమని రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. తనిఖీకి వచ్చే అధికారి మిషన్లు లెక్కపెట్టడం మాని, అవి వారంలో ఎన్ని గంటలు నడిచాయో లాగ్‌బుక్‌లో చూడాలి. సాయంత్రం 5 నుంచి 7 దాకా ఆ గది స్వయం సహాయక సంఘాల మహిళలది కావాలి, రెండో తాళం చెవి గ్రామ సంఘం అధ్యక్షురాలి దగ్గర ఉండాలి. కొత్త ట్యాబ్‌ల టెండర్లు ఆ తర్వాత పిలవొచ్చు.