ఈ ‘ఆరు బంగారు సూత్రాలు’ ఇంక నాకు పంపకండి

వారంలో ఇది తొమ్మిదోసారి. మొదట ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత మడికొండలో పనిచేసే తమ్ముడు పంపాడు. నిన్న రాత్రి మా బావమరిది కూడా “బావా, నీ పనిదే అనుకుంట, సూడు” అని తోశాడు. ఆయనది ఎరువుల దుకాణం. ‘సర్వర్ క్లస్టర్ చూసుకునేవాళ్లకు ఆరు బంగారు సూత్రాలు’ అట, చివర చేతులు జోడించిన బొమ్మ. క్లస్టర్ అంటే ఒకే పనిని కలిసి మోసే మెషిన్ల గుంపు, అందులో ఒక్కో మెషిన్ ఒక నోడ్. హనుమకొండలో పన్నెండేళ్లుగా ఈ పని మీదే బతుకుతున్నాను కాబట్టి ఒక్కసారి రాసి పెడుతున్నా. ఇక మీదట ఎవరు పంపినా వాళ్లకు ఇదే తిరిగి వెళ్తుంది.

ఒకటి: ‘పింగ్‌కు జవాబు వస్తే నోడ్ బాగున్నట్టే.’ పింగ్ అంటే ‘ఉన్నావా?’ అని నెట్‌వర్క్ మీద వేసే కేక. దానికి పలికేది కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. డేటాబేస్ గంట నుంచి బిగుసుకుపోయి ఉన్నా, డిస్కు నిండి ఒక్క అక్షరం కూడా రాయలేకపోతున్నా అది పలుకుతూనే ఉంటుంది. వాకిట్లో కుక్క మొరిగితే ఇంట్లో మనుషులున్నట్టేనా? సర్వీసు చేత ఏదో ఒక పని చేయించి చూడాలి. ఒక వరుస రాయించండి, దాన్నే చదివించండి, ఎంతసేపు పట్టిందో చూడండి.

రెండు: ‘లోడ్ యావరేజ్ 4 దాటితే ప్రమాదం.’ నడుస్తున్న పనులు, వంతు కోసం ఆగి ఉన్న పనులు సగటున ఎన్నో చెప్పే లెక్క అది. ఎన్ని కోర్ల (సీపీయూలో పని చేసే భాగాల) మీద? 64 కోర్ల మెషిన్‌కు 4 అంటే కునుకు తీస్తున్నట్టు. పైగా లైనక్స్ ఆ లెక్కలో డిస్కు కోసం ఆగి ఉన్నవాటినీ కలుపుతుంది. సీపీయూ ఖాళీగా కూర్చున్నా లోడ్ పెరగొచ్చు. పదండి ముందుకు.

మూడు: ‘అలర్ట్ రాలేదంటే అంతా సవ్యం.’ 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైట్‌లో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే తుడిచేశాడు. బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకుందామని చూస్తే, ఆ బ్యాకప్ తీయడమే ఫెయిలవుతూ వస్తోంది. ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లను మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది, మెయిల్ అసలువాళ్ల దగ్గర్నుంచే వచ్చిందని చూపే డీమార్క్ సంతకం లేదని. దాదాపు 6 గంటల డేటా పోయింది. అందుకే ప్రొమీథియస్ అనే మానిటరింగ్ టూల్ వాడేవాళ్లు వాచ్‌డాగ్ అని ఒక అలర్ట్‌ను ఎప్పుడూ మోగుతూ ఉండేలా పెడతారు. అది ఆగిన రోజున టెన్షన్ పడాలి.

నాలుగు: ‘కుబెర్నెటీస్ ఉంటే మానిటరింగ్ అక్కర్లేదు, పడింది దానంతటదే లేస్తుంది.’ కుబెర్నెటీస్ అంటే క్లస్టర్‌లో ప్రోగ్రాములను నడిపించే సాఫ్ట్‌వేర్. లేస్తుంది. రాత్రంతా పడుతూ లేస్తూ ఉన్నా మీకు ఫోన్ చేసి చెప్పదు.

ఇక అయిదోది. నాకు కోపం వచ్చింది దీని మీదే. ‘నోడ్ 30 సెకన్లు పలకకపోతే ఆలోచించకుండా సర్వీసును రెండో నోడ్‌లో లేపండి.’

మేడారం జాతరకు పోయిన చిన్నాయన ఫోన్ కలవకపోతే దినాల కార్డులు అచ్చు వేయిస్తామా? ఆ జనంలో ఎవరి ఫోన్ కలుస్తుంది? రెండు రోజులాగితే చేతిలో బంగారం ముద్దతో ఇంటికొస్తాడు. (అక్కడ బెల్లాన్నే బంగారమంటారు, ఆ సంగతే చెబుతున్నా, మీ సూత్రాల సంగతి కాదు.) పలకని నోడ్ కూడా అంతే. అది చచ్చిందో, మధ్యలో తీగ తెగిందో ఇవతలి నోడ్‌కు తెలిసే దారి లేదు. రెండూ ‘నేనే పెద్ద’ అనుకుని రాయడం మొదలుపెడితే దాన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటాం. 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్ (ఇదీ కోడ్ దాచుకునే సైటే)లో నెట్‌వర్క్ తెగింది 43 సెకన్లే. ఆ కాస్తలోనే ఆటోమేటిక్ టూల్ డేటాబేస్ పెద్దరికాన్ని అమెరికా తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి మార్చేసింది. రెండు తీరాల్లోనూ అవతల లేని రాతలు మిగిలిపోయాయి. అంతా సర్దుకోవడానికి 24 గంటల 11 నిమిషాలు. వాళ్లకే అంత పడితే మన సంగతేమిటి? కుబెర్నెటీస్ కూడా నోడ్ కనబడకపోతే దాని మీది పాడ్‌లను (నడుస్తున్న ప్రోగ్రాముల మూటలను) తీసేయడానికి మామూలుగా 300 సెకన్లు ఆగుతుంది. ఫార్వర్డ్ రాసిన మహానుభావుడికి మాత్రం 30 చాలు!

ముందు నోడ్‌ల మెజారిటీ ఓటు ఉన్న వైపే పెద్ద కావాలి: మూడింటికి రెండు, అయిదింటికి మూడు. తర్వాత ఫెన్సింగ్, అంటే పలకని నోడ్‌కు కరెంటు తీసేయడం. అది పోయిందని రూఢి అయ్యాకే ఇవతల లేపాలి. రెండే నోడ్‌లుంటే మూడో ఓటు ఎక్కడైనా పెట్టుకోండి, పాత డబ్బా పీసీ అయినా సరే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకప్పుడు నేనూ అదే చేశాను. ఊర్లోనే ఒక ఆఫీసు, ఫీజులు కట్టించుకునే చోటు. రెండు నోడ్‌లు, మధ్యలో హార్ట్‌బీట్‌కు (‘బతికే ఉన్నా’ అని ఒకదానికొకటి చెప్పుకోవడానికి) ఒక్కటే కేబుల్, ఫెన్సింగ్ లేదు. ఏసీ బాగుచేయడానికి వచ్చినతను నిచ్చెన జరిపితే ఆ కేబుల్ ఊడింది. రెండు నోడ్‌లూ పెద్దవైపోయాయి. కొన్ని కౌంటర్లు ఒకదాని మీద, కొన్ని ఇంకోదాని మీద నడిచాయి. 4117 నంబర్ రసీదు ఇద్దరి చేతికి వెళ్లింది. రెండు రాత్రులు కూర్చుని ఎక్సెల్‌లో కలిపాం.

ఆరు: ‘యాభై గ్రాఫుల కన్నా వాడేవాళ్ల ఫోన్‌కాల్ ముందు నిజం చెబుతుంది.’ దీన్నీ చీల్చి చెండాడదామనే కూర్చున్నాను. కానీ ఆ రోజు ముందు పట్టుకున్నది కౌంటర్‌లోని మేడమే. “సార్, ఈ నంబర్ పొద్దున పక్క కౌంటర్ల ఇచ్చిన్రు, మళ్ల నాకు అదే వచ్చింది” అని ఫోన్ చేసింది. నా స్క్రీన్ మీద అప్పుడు రెండు నోడ్‌లూ పచ్చగా ఉన్నాయి. సర్వీసు నడవకపోతే ఎరుపు చూపించమని రాసుకున్నానే గానీ, రెండు చోట్లా నడిస్తే ఎరుపు అని రాసుకోలేదు. ఆ చెక్ ఆ సాయంత్రమే పెట్టాను. ఆమె నంబర్ కూడా సేవ్ చేసుకున్నాను.