ఫొటోలు తీయరాదు బోర్డు గారికి ఒక పిట్టలవాడి విన్నపం

మహారాజశ్రీ బోర్డు గారి సముఖానికి,

విశాఖపట్నంలో రోజూ పొద్దున్నే పాతపట్నం వైపు నుంచి ఫిషింగ్ హార్బర్ దాకా, పిట్టల ఫొటోల కోసం మెడలో కెమెరా వేసుకుని నడిచే మనిషి నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. తమరు మాత్రం క్షేమంగా లేరు. ఉప్పుగాలికి 'ఫొ' పూర్తిగా రాలిపోయింది. 'రాదు'కి కొమ్ము ఊడింది. మిగిలినదాన్ని కూడబలుక్కుంటే '...టోలు తీయరాద' అని వస్తోంది. ఇంకొక్క దీర్ఘం పడితే తమరే బతిమాలుతున్నట్టు ఉంటుంది. కింది సగం లేడీస్ హాస్టల్ వాళ్లదీ, ఆపరేషన్ లేకుండా మొలలు నయం చేసే వారిదీ. వాళ్ల అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు.

తమరితో నా మొదటి గొడవ జనవరిలో. తమరి నెత్తిన ఒక సీగల్ వచ్చి కూర్చుంది. బ్రౌన్ హెడెడ్ గల్ అంటారు. పేరులో గోధుమరంగు తల ఉంది గానీ చలికాలం ఇక్కడికి వచ్చేసరికి ఆ తల తెల్లబడిపోతుంది. కంటి వెనక మాత్రం తల్లి పెట్టిన దిష్టిచుక్కలా ఒక నల్లటి మరక మిగులుతుంది. ఎర్రటి కాళ్లు, ఎర్రటి ముక్కు. తమరి మీద ఒంటికాలితో నిలబడి, రెక్క విప్పి ఈకలు సవరించుకుంటోంది. ఎండ ఇంకా పసుపురంగులోనే ఉంది. నొక్కాను.

"సార్, బోర్డు చూడలేదా?" అని వెనక నుంచి సెక్యూరిటీ ఆయన.

"బోర్డునే చూస్తున్నానండీ."

డిలీట్ చేయించాడు. పాపం ఆయన డ్యూటీ ఆయనది. నా బాధల్లా ఒక్కటే. ఆ పిట్ట లడఖ్, టిబెట్ ఎత్తుల మీది సరస్సుల దగ్గర గూళ్లు పెట్టుకునే జాతి. సరిహద్దులు దాటి వచ్చిన దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఇదే ఊళ్లో మర్రిపాలెం నుంచి వచ్చిన నన్ను ఆధార్ అడిగారు.

తమరి మీద నాకు గౌరవం లేదనుకోకండి. తూర్పు నౌకాదళం కాపురముండే ఊరు మాది. యుద్ధనౌక కనబడితే చెప్పకముందే లెన్సుకు మూత పెట్టేస్తాను. తమరి వెనకున్న అధికార రహస్యాల చట్టాన్ని కూడా చదివాను, 1923 నాటిది. ఫొటో కూడా 'బొమ్మ గీయడం' కిందకే వస్తుందని అందులో నిర్వచనం. మా డ్రాయింగ్ మాస్టారు వింటే ఎంత సంతోషించేవారో! నా బొమ్మల్లో ఒక్కదాన్నీ ఆయన బొమ్మగా ఒప్పుకోలేదు.

కానీ తమరు దాస్తున్నది ఏమిటో ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకున్నారా? తమరి వెనక గోడ. గోడ వెనక 1933 నుంచీ ఓడలు వచ్చిపోతున్న రేవు. రాస్ హిల్ మీద మేరీమాతకు దండం పెట్టుకుని ఇటు తిరిగితే చాలు, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి టగ్గులనే బుల్లి పడవలు పెద్ద ఓడను పెళ్లికూతుర్ని నడిపించినట్టు కాలువలోకి తీసుకురావడం అరచేతిలో కనబడుతుంది. అంత మెట్లెక్కే ఓపిక లేనివాళ్లకు ఏ ఓడ ఎక్కడుందో చూపే యాప్ ఫోన్‌లో ఉంది. విదేశాలకు తిరిగే ఓడ 300 టన్నులు దాటితే తానెవరో, ఎక్కడుందో రేడియోలో తనే చెప్పుకుంటూ ఉండాలని అంతర్జాతీయ నియమం. అవతల ఓడ "నేను ఫలానా, ఇక్కడున్నాను" అని మొత్తుకుంటుంటే, ఇవతల తమరు "ష్..." అంటున్నారు.

పైగా ఊరు మొత్తం తమరి మాట వినడం మానేసి చాలాకాలమైంది. 2016లో నౌకాదళ సమీక్షకు దేశదేశాల నౌకలు వచ్చి బారులు తీరినప్పుడు బీచ్ రోడ్డు మీద చేతుల కంటే ఫోన్లే ఎక్కువ. నీళ్ల కింద దాక్కోవడానికే పుట్టిన కురుసుర జలాంతర్గామి, రిటైరయ్యాక ఆర్కే బీచ్ ఇసుకలో సెల్ఫీలకు గోడగా నిలబడింది. 2020 అక్టోబరులో వాయుగుండానికి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ తెన్నేటి పార్కు కింద రాళ్లెక్కితే, జనం టిఫిన్ డబ్బాలతో వెళ్లి మరీ చూసొచ్చారు. మా బావమరిది తన రిసెప్షన్ ఫ్లెక్సీకి ఆ ఓడనే వెనక పెట్టించాడు. ప్రీవెడ్డింగ్ షూట్ల డ్రోన్ల సంగతి నేను ఎత్తను, తమరి మనసు నొచ్చుకుంటుంది.

ఇంత చేసి తమరి కంట్లో పడే దొంగ ఎవరయ్యా అంటే, పిట్టలవాడు.

ఇక్కణ్ణుంచి పది నిమిషాలు నడిస్తే జెట్టీ. అక్కడ తమరి చుట్టాలెవరూ లేరు. అందుకే ఆ చోటంటే నాకు ప్రాణం. వేలంపాట అరుపులు, ఐసు మరలో దిమ్మలు నలిగే చప్పుడు, వంజరాలూ కోనాలూ నింపిన తట్టలు. పైన గరుడ పక్షులు. తెల్లటి తల, ఇటుకరంగు ఒళ్లు. బోటు పక్కన పారేసిన చేప తల కోసం ఒకటి దిగుతుంది. నీటిని తాకీ తాకనట్టు కాళ్లతో అందుకుని, పైకి లేస్తూనే మెడ వంచి గాల్లోనే తినేస్తుంది. ప్లేటు లేదు, బల్ల లేదు. దాన్ని ఫొటో తీద్దామని నేను మూడేళ్లుగా చూస్తున్నాను. నా దగ్గర ఉన్నవన్నీ దాని తోకలే.

"ఏటి బాబూ, పేపరోడివా?" అని చేపలమ్మే అమ్మ అడుగుతుంది. కాదమ్మా, పిట్టలంటాను. "పిట్టలకేటి, మా బోటు తియ్యి. నెంబరు కనబడాల." తీస్తాను. ఆమె వేలితో ఫోటోను పెద్దది చేసి నెంబరు చదువుకుని, బాగుందంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట ఆపిన 61 రోజులూ ఆ బోటు కట్టేసే ఉంటుంది. అప్పుడు గరుడ పక్షులు కూడా నాలాగే జెట్టీ మీద ఊరికే చక్కర్లు కొడతాయి.

మళ్లీ తమరి దగ్గరికే వస్తాను. తమరి పుణ్యమా అని నా ఫొటోలకు ఒక తీరు వచ్చింది. ప్రతి పిట్ట వెనకా ఖాళీ ఆకాశమే. ఓడ పడకుండా, క్రేను పడకుండా, గోడ పడకుండా కోసీ కోసీ, చివరికి అది విశాఖ పిట్టో వికారాబాద్ పిట్టో తెలియకుండా చేసి పెట్టుకుంటున్నాను. మొన్న ఒక లకుముకి పిట్టను ఇలాగే కోస్తే ముక్కు పోయింది. ముక్కు లేని లకుముకిని ఎవరికని చూపిస్తాను?

అందుకే ఒక విన్నపం రాసుకుని నిన్న పొద్దున్నే తమరి దగ్గరికి వచ్చాను. చూస్తే తమరికి కొత్త రంగు! పెయింటర్ కుర్రాడు నిచ్చెన మీద నిలబడి కొమ్ము దిద్దుతున్నాడు. 'ఫొ' అప్పటికే ఎర్రగా మెరిసిపోతోంది. కుర్రాడు దిగి, ఫోను తీసి, నాలుగడుగులు వెనక్కి వేసి, మళ్లీ ముందుకొచ్చి, నా మెడలో కెమెరా చూసి ఫోను నా చేతిలో పెట్టాడు.

"సార్, కొంచెం తీసి పెట్టరా? బోర్డు మొత్తం పడాలి. లొకేషన్, టైమూ కింద కనబడాలి. ఫొటో పెట్టకపోతే బిల్లు పాసవదంట."

తీశాను. తమరు చక్కగా పడ్డారు. గోడ కూడా పడింది, గోడ మీంచి రెండు క్రేన్లూ ఒక ఓడ పొగగొట్టమూ పడ్డాయి. కోయబోతే కుర్రాడు వద్దన్నాడు.

ఇట్లు,
తమరి విధేయుడు