బస్సు సీట్లో కర్చీఫ్, కారుకి చార్జింగ్ గన్

మొన్న ఆదివారం సాయంత్రం కూకట్‌పల్లి వైపు ఒక మాల్‌, బేస్‌మెంట్‌లో రెండో లెవెల్. ఫాస్ట్ చార్జర్ ముందు నా ఎలక్ట్రిక్ కారు 14 శాతం చార్జ్‌తో నిలబడి ఉంది. చార్జర్‌కి రెండు గన్‌లు, అంటే కారుకి తగిలించే ప్లగ్గులు, ఒకటి పనిచెయ్యట్లేదని ప్లాస్టిక్ కవర్ చుట్టేశారు, రెండోది ఒక తెల్ల కారుకి పెట్టి ఉంది, స్క్రీన్ మీద 96 శాతం, ఎక్కే స్పీడ్ 5 కిలోవాట్లు. కార్లో మనిషి లేడు. సెక్యూరిటీ అన్నని అడిగితే "సినిమాకి పోయిండు సార్, ఇంటర్వెల్‌కి వస్తడేమో" అన్నాడు, వస్తాడన్న ఆశ ఆయనకే లేదు. యాప్‌లో చూద్దామంటే కింద సిగ్నల్ సున్నా.

అక్కడ గంటసేపు కూర్చుంటే నాకు గుర్తొచ్చింది ఆర్టీసీ బస్సు. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసేస్తే సీటు మనదే, ఎవడూ కాదనడు. చార్జింగ్ గన్ ఇప్పుడు సరిగ్గా ఆ కర్చీఫ్ అయ్యింది. ఒక తేడా ఉంది, కర్చీఫ్ అయితే పక్కన పెట్టి కూర్చునే మొండోళ్లు ఉంటారు, గన్ అలా కుదరదు. చార్జింగ్ అవుతున్నంతసేపు అది కారుకి లాక్ అయి ఉంటుంది, చాలా కార్లలో ఓనర్ వచ్చి అన్‌లాక్ చేస్తేగానీ ఊడదు. కోపమొచ్చి చార్జర్ మీద ఎర్ర ఎమర్జెన్సీ బటన్ నొక్కేసిన వాళ్లని కూడా చూశా, దాంతో రెండు గన్‌లూ ఆగిపోతాయి, ఆ బటన్ తిప్పి బయటికి లాగి రీసెట్ చేసేదాకా మిషను ఫాల్ట్ చూపిస్తూ కూర్చుంటుంది, అంటే మొత్తానికి ఎవడికీ దక్కదు.

దీనికి మనం ఇచ్చే రెడీమేడ్ తీర్పు "జనాలకి సివిక్ సెన్స్ లేదు". నాకు ఆ మాట మీద పెద్ద నమ్మకం లేదు. అదే జనం పెట్రోల్ బంకులో డబ్బులిచ్చి అర నిమిషంలో కదులుతారు, ఎందుకంటే అక్కడ వెనకోడు హారన్ కొడతాడు, బంకు కుర్రాడు చెయ్యి ఊపుతాడు. చార్జర్ దగ్గర హారన్ కొట్టినా వినడానికి మనిషుండడు. పైగా నేను వాడిన యాప్‌లలో చాలావాటికి బిల్లు యూనిట్ల మీదే, 100 శాతం అయ్యాక కారు ఇంకో రెండు గంటలు అక్కడే ఉన్నా పైసా పడదు. ఊరికే వచ్చే పార్కింగ్ ఎవడు వదులుకుంటాడు చెప్పండి, అందులోనూ ఆదివారం మాల్‌లో లిఫ్ట్ పక్కనే.

ఇక ఆ 96 శాతం సంగతి. బ్యాటరీ కూడా బస్సు లాంటిదే, ఖాళీగా ఉన్నప్పుడు జనం గబగబా ఎక్కేస్తారు, చివర్లో నిలబడ్డానికి చోటు వెతుక్కుంటూ ఒక్కొక్కరే దూరాలి. సెల్స్‌లో వోల్టేజ్ హద్దు దాటకూడదు కాబట్టి దాదాపు 80 శాతం తర్వాత బండే కరెంట్ తగ్గించుకుంటుంది. 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు 50 కిలోవాట్ల చార్జర్ మీద 80 దాకా ఇంచుమించు గంటలో వెళ్తుంది, మిగతా 20 అంటే 8 యూనిట్లే, వాటికి ఇంకో ముప్పావు గంట పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ 8 యూనిట్ల కోసం 50 కిలోవాట్ల మిషను కట్టేసుకోవడమంటే గ్లాసు నీళ్ల కోసం ట్యాంకర్ ఆపినట్టే.

అయితే "ఒక్కో కారుకి 45 నిమిషాలు, అంతే" అని బోర్డు పెడదామంటారా, అదీ అన్యాయమే. 60 కిలోవాట్ల మిషనుకి రెండు కార్లు తగిలిస్తే చాలాచోట్ల 30, 30గా పంచుకుంటాయి, పక్కకి ఇంకోడు వచ్చాడన్న పాపానికి నా టైమ్ దాదాపు డబుల్ అవుతుంది. పాత మోడల్ బండ్లు కొన్ని పెద్ద మిషను పెట్టినా 25 కిలోవాట్లకి మించి తీసుకోవు, అదే 45 నిమిషాల్లో కొత్త బండి కడుపు నిండా తిని వెళ్తుంది, పాతది సగం ఆకలితో లేస్తుంది. గడియారం చూసి లేపితే దెబ్బ పడేది ముందు వీళ్లకే.

కాబట్టి లెక్క నిలబడ్డ టైమ్ మీద కాదు, పని లేకుండా నిలబడ్డ టైమ్ మీద ఉండాలి. టెస్లా వాళ్లు ఇది 2016 డిసెంబర్లోనే మొదలుపెట్టారు, చార్జింగ్ అయిపోయాక బండి తియ్యకపోతే నిమిషానికి ఇంత, ఐదు నిమిషాల్లో తీసేస్తే మాఫీ. తర్వాత స్టేషన్ కనీసం సగం నిండినప్పుడే ఆ ఫీజు పడేలా మార్చారు, నాకు నచ్చింది ఆ భాగం, అర్ధరాత్రి ఖాళీ స్టేషన్లో ఎవడు నిద్రపోతే ఎవడికి నష్టం? 2023లో అమెరికాలో కొన్ని రద్దీ స్టేషన్లకి 90 శాతం దాటాక కూడా ఫీజు పెట్టారు. జర్మనీలో ఒక పెద్ద కరెంట్ కంపెనీ నాలుగు గంటలు దాటితే నిమిషానికి 10 సెంట్లు వేస్తుంది. మన దగ్గర అయితే నిమిషానికి 5 రూపాయలు పెట్టాలంటా, 10 నిమిషాల గ్రేస్, అదీ వెనక ఎవరైనా వెయిటింగ్‌లో ఉంటేనే. ఇది చాలు. ఇంటర్వెల్‌కి రాకపోయినా సినిమా అయ్యేసరికి బిల్లు చూసి వచ్చే ఆదివారం గుర్తుపెట్టుకుంటాడు.

హైవే మీద మాత్రం నేను ఇంకొంచెం గట్టిగా ఉంటా. సంక్రాంతికి విజయవాడ రూట్లో చౌటుప్పల్, సూర్యాపేట దగ్గర టోల్ క్యూలు ఎలాగూ ఉంటాయి, చార్జర్ దగ్గర నాలుగో కారు అయితే పండగ అక్కడే. అక్కడ లైన్ ఉన్నప్పుడు 80 శాతానికే మిషను ఆగిపోవాలి. ముందర చార్జర్ లేని ఊరికి, లోపల ఎక్కడికో పల్లెకి వెళ్లేవాళ్లకి 100 కావాలి నిజమే, వాళ్లు వెనకోడితో ఒక మాట చెప్తే ఒప్పుకోని మనిషి అరుదు. గన్ పెట్టి చెప్పకుండా హోటల్లోకి బిర్యానీకి మాయమైపోయేవాడితోనే గొడవ. అద్దం మీద ఫోన్ నంబర్ పెట్టండి బాబూ, ఆడవాళ్లు నంబర్ పెట్టడానికి భయపడటం న్యాయమే, అప్పుడు యాప్‌లోంచే మెసేజ్ వెళ్లే ఏర్పాటు కంపెనీ చెయ్యాలి.

అసలు ఇంతమంది బయటి చార్జర్ల మీద ఎందుకు పడుతున్నారంటే, సగం కారణం మన అపార్ట్‌మెంట్లు. తెలంగాణలో 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ దాకా ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేశారు, జనం కొన్నారు. 2030కల్లా సిటీల్లో కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పున్న ప్రతి గడికీ ఒక చార్జింగ్ స్టేషన్ ఉండాలని కేంద్రం 2024 గైడ్‌లైన్స్‌లో రాసుకుంది, మంచిదే. కానీ సెల్లార్లో 15 యాంప్స్ సాకెట్ పెట్టుకుంటానంటే అసోసియేషన్ వాళ్లు మీటర్ లోడ్ అంటారు, ఫైర్ అంటారు, "అందరూ అడిగితే?" అంటారు. రాత్రంతా ఇంట్లో నెమ్మదిగా ఎక్కాల్సిన బండి ఆదివారం మాల్‌లో వారం సరిపడా తాగుతోంది, పూర్తిగా 100 దాకా. ఆ తెల్ల కారు ఆయన కూడా అదే చెప్పాడు, చేతిలో మిగిలిన పాప్‌కార్న్‌తో వచ్చి: "సారీ అన్నా, మా దగ్గర పెట్టనియ్యరు, మళ్లీ వచ్చే సండేనే."

నేను ప్లగ్ చేశాక సెక్యూరిటీ అన్న ఒక నోట్‌బుక్ తీశాడు. కారు నంబర్, ఫోన్ నంబర్, గన్ పెట్టిన టైమ్, అన్నీ గీతలు గీసి ఉన్నాయి, ఎవరూ చెప్పకుండా తనే మొదలుపెట్టాడట. "ఆ సార్ ఇయ్యలేదు నంబర్, మీరన్న ఇయ్యండి, ఎనభైకి ఫోన్ చేస్త." ఇచ్చా. 78 దగ్గరే చేశాడు, వెనక ఇంకో కారు వచ్చిందని.