మూడు తులాల మౌనం

హైదరాబాదులో నోరు మూసుకుని బతికే హక్కు ఎవరికీ లేదు. రాజ్యాంగంలో రాసి ఉండకపోవచ్చు గానీ, పొద్దున చెత్త బండి పాటతో మొదలై, ఉల్లిగడ్డల ఆటో మైకు, పక్క ప్లాటులో బోరు లారీ, రాత్రి ఫంక్షన్ హాలు ముందు బరాత్ మర్ఫా దాకా ఊరు ఊరంతా పాటిస్తున్న నియమం ఇది. అలాంటి ఊళ్లోకి, అందునా నిజాంపేటలో మా తోడల్లుడి ఫ్లాటులోకి ఒక పక్షి వచ్చి, పంజరంలో వెనక మూల కూర్చుని, కిక్కురుమనకుండా, కదలకుండా, పెట్టింది మన ముందు తినకుండా ఉంటే సమాజం చూస్తూ ఊరుకోవాలా? ఊరుకోలేదు. సమాజం తరఫున మా బంధువర్గం రంగంలోకి దిగింది.

ముందుగా ముద్దాయి వివరాలు. పేరు పండు. జాతి పారట్‌లెట్, చిలకల్లో బాగా చిన్న రకం. తోక చివరిదాకా కొలిచినా 12, 13 సెంటీమీటర్లు. బరువు 30 గ్రాములు అటూ ఇటూ, అంటే మన ఆడవాళ్ల లెక్కలో మూడు తులాలు. రెక్కల్లోనూ నడుం మీదా ముదురు నీలం ఉంది కాబట్టి మగవాడు. పూర్వీకులది దక్షిణ అమెరికాలో పశ్చిమ ఈక్వెడార్, ఉత్తర పెరూ ప్రాంతం. సరిగ్గా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతాడు, అంటే మా తోడల్లుడి హోమ్‌లోన్ తీరేదాకా.

ఈక్వెడార్ పేరు వినగానే మా అత్తగారు కేసు తేల్చేశారు. డల్లాస్ నుంచి వచ్చినప్పుడు మా బావమరిది కూడా ఇలాగే మూలన పడి నిద్రపోయాడట, కాబట్టి ఇది జెట్‌లాగే. పండు పుట్టింది ఏదో బ్రీడర్ షెడ్డులో అనీ, వాడు చేసిన అతి పెద్ద ప్రయాణం స్కూటర్ ముందు అట్టపెట్టెలో అనీ ఎంత చెప్పినా ఆవిడ తీర్పు మార్చుకోలేదు.

చట్టం విషయంలో మావాళ్లు నిప్పు. మన రామచిలకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని తెలిసి, ఎదురింటి జామచెట్టు మీద ఉచితంగా అరిచే దాన్ని దాని మానాన వదిలేసి, డబ్బు పోసి విదేశీ జాతిని కొన్నారు. ఇలాంటి విదేశీ పక్షుల్ని 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి కాబట్టి అదీ చేశారు. ఇన్ని కాగితాలు పూర్తిచేసిన మనిషితో ఒక్క మాట మాట్లాడకపోవడం కృతఘ్నత కాక మరేమిటి?

ఇక్కడ గిట్టనివాళ్లు ఒక సంగతి ఎత్తి చూపుతున్నారు, దాచకుండా చెబుతాను. ఈ జాతిని ఏరి కోరి కొన్నదే గోల చేయదని. పెద్ద చిలకలు అరిస్తే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు నోటీసు అంటిస్తారని, గొంతు చిన్నది, కిచకిచలకు మించి పోదు, మాటలు వచ్చినా నాలుగైదే అన్న ఒక్క కారణంతో పండును ఎంపిక చేశారు. నిశ్శబ్దంగా ఉంటుందని కొన్న పక్షి నిశ్శబ్దంగా ఉందని టెన్షన్ పడటం ఏమిటని వాళ్ల ప్రశ్న. దీనికి మా జవాబు స్పష్టం. మేము కోరిన నిశ్శబ్దం పక్కింటివాళ్లకి. మాకు కాదు.

చికిత్స మొదలైంది. తొలి రోజు దిష్టి తీశారు. దిష్టి తర్వాత సాంబ్రాణి. పక్షికి ఊపిరితిత్తులతోపాటు ఒంట్లో గాలి సంచులుంటాయి, పీల్చిన గాలిలో ఆక్సిజన్‌ని మనకన్నా బాగా లాక్కుంటుంది, ఆ లెక్కన పొగనీ అంతే బాగా లాక్కుంటుంది అని ఏడో తరగతి చదివే వాళ్లమ్మాయి పుస్తకం తెచ్చి చూపించబోయింది. పెద్దవాళ్ల మధ్యలో మాట్లాడకూడదని ఆమెను లోపలికి పంపారు. మాట్లాడనివాడిని మాట్లాడించే గదిలోంచి మాట్లాడేదాన్ని పంపేయడంలో వైరుధ్యం ఉన్నట్టు నాకైతే కనిపించలేదు.

తర్వాత టీవీ. యూట్యూబులో పారట్‌లెట్ల కూతలు గంటల లెక్కన దొరుకుతాయి. హోమ్ థియేటర్‌లో పెట్టారు. ముప్ఫై గ్రాముల ప్రాణి ఉన్నట్టుండి వంద పక్షుల గుంపు గొంతు వింది, ఒక్క పక్షీ కనపడలేదు. ఈకలన్నీ ఒంటికి అతుక్కుపోయి సన్నగా, నిటారుగా, కొయ్యముక్కలా బిగుసుకుపోయాడు. "చూశారా బావగారూ, అటెన్షన్‌లోకి వచ్చాడు" అంది మా మరదలు.

అసలు ఘట్టం తోడల్లుడి మేనమామ గారి రాకతో మొదలైంది. ఆయన వాస్తు చూస్తారు, సంబంధాలూ చూస్తారు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే పంజరం నైరుతిలో ఉందని పట్టేశారు. నైరుతి బరువుకి, పక్షి గాలికి. గాలి దిక్కు వాయవ్యం. పంజరం లేచింది. ఆ ఫ్లాటులో వాయవ్యం అంటే వంటిల్లు. స్టవ్ పక్క గట్టు మీద, కుక్కర్‌కి ఎడంగా, నాన్‌స్టిక్ దోసె పెనానికి దగ్గరగా పండుకు ఆ రోజు కొత్త మకాం. ఆ పెనం ఖాళీగా పొయ్యి మీద మరీ వేడెక్కితే పూతలోంచి రంగూ వాసనా లేని విషవాయువులు వస్తాయి. మనిషికి మహా అయితే జలుబో జ్వరమో వచ్చినట్టుంటుంది, పక్షి నిమిషాల్లో పోతుంది. ఈ సంగతి వాస్తు గ్రంథాల్లో లేకపోవడం గ్రంథాల తప్పు తప్ప మేనమామ గారి తప్పు కాదు. అదృష్టవశాత్తూ ఆ పూట ఉప్మా.

అక్కణ్నుంచి బాల్కనీకి మార్చారు, గాలి తగలాలని. నిజాంపేట ఆకాశంలో గద్దలకు కొదవ లేదు. ఒక గద్ద చక్కర్లు కొడుతుంటే పండు రెప్ప వేయకుండా తల వంచి ఒంటి కన్నుతో పైకి చూస్తున్నాడు. అడవిలో చిలకల గుంపు ఇలాంటప్పుడే గొంతు కట్టేస్తుంది. ప్రమాదం నెత్తిన ఉన్నప్పుడు నోరెత్తేది మనుషులూ టీవీ చర్చల్లోని వక్తలూ మాత్రమే. గద్ద పోగానే పండును ఏసీ కింద పెట్టారు. అక్కడ వణికాడని ఫ్యాన్ కింద పెట్టారు. ఇల్లంతా తిరిగి చూసినా ఇల్లు అలవాటు కాలేదంటే లోపం ఎవరిలో ఉందో పాఠకులే చెప్పాలి.

మేనమామ గారి రెండో సలహా మన జాతి అనుభవసారం. కుర్రాడు ముభావంగా ఉన్నాడా, చదువు ఎక్కడం లేదా, ఉద్యోగం మానేస్తానంటున్నాడా, పెళ్లి చేసేయండి, అన్నీ సర్దుకుంటాయి. పండుకు వెంటనే ఒక ఆడపక్షిని తెచ్చి అదే పంజరంలో వదలాలన్నారు. పారట్‌లెట్ తన చోటు విషయంలో మహా మొండిఘటం, తనకు నాలుగింతలున్న పక్షి మీదకైనా పోతుంది, కొత్త పక్షిని తెస్తే కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచి, రోగం లేదని తేలాక, దూరం నుంచి చూపులు మొదలుపెట్టాలి అని తెలిసినవాళ్లు చెబుతారు. నెల రోజులు వేరే గదిలోనా? మన సంబంధాల్లో అంత గడువు ఎవరిచ్చారని. తాత్కాలికంగా ఒక అద్దం వేలాడదీశారు. ఒంటరి చిలక అద్దంలో నీడను జోడీ అనుకుని మనుషుల్ని పట్టించుకోవడం మానేసే ప్రమాదం ఉందట. ఫోన్ ముందు కూర్చున్న ఇంటిల్లిపాదినీ చూశాక, ఆ ప్రమాదం పండుకు ఒక్కడికే ఎందుకంటగట్టారో అర్థం కాలేదు.

ఈలోగా ఉస్మానియా బిస్కెట్ ముక్క, మిక్చర్‌లోంచి ఏరిన పల్లీ, వేలి మీద చాయ్ చుక్క నైవేద్యంగా వెళ్లాయి. ఉప్పు, కెఫీన్, చాక్లెట్, అవకాడో పక్షులకు చెడు చేస్తాయి. పండు వేటినీ ముట్టలేదు. ఇంట్లో అందరికన్నా క్రమశిక్షణగా తిండి తింటున్నది వాడేనని నాకు ఆ రోజే అనుమానం వచ్చింది.

ఆఖరికి పక్షుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఈ ఊళ్లో కుక్కల డాక్టరు గల్లీకొకరు ఉంటారు గానీ పక్షుల్ని చూసేవారి కోసం వెతకాలి. ఆయన పండును చూసే ముందు మావాళ్లను చూశారు. తింటున్నాడా అని అడిగారు. గింజల గిన్నె నిండుగానే ఉంటోంది, ముట్టడం లేదు అన్నాడు మా తోడల్లుడు. ఆయన ఆ గిన్నెను చేతిలోకి తీసుకుని ఉఫ్‌మని ఊదారు. పైనున్న పొట్టంతా లేచి మా తోడల్లుడి చొక్కా మీద పడింది. గిన్నె అడుగు కనిపించింది. పక్షి గింజ ఒలుచుకుని పొట్టు అక్కడే వదిలేస్తుంది, పైనుంచి చూస్తే నిండుగానే ఉంటుంది. అంటే వాడు రోజూ ఎవరూ చూడనప్పుడు తింటున్నాడు, మావాళ్లు నిండుగా ఉందని కొత్త గింజలు వేయడం మానేశారు.

తర్వాత పంజరం అడుగున పరిచిన పేపరు అడిగారు. రియల్ ఎస్టేట్ ప్రకటనల పేజీ. దాని మీద రెట్టలు లెక్కపెట్టి, ఆకుపచ్చ, తెలుపు, కాస్త నీరు వేటికవి విడిగా ఉన్నాయని సంతోషించారు. ఆ పేజీని అంత శ్రద్ధగా చదివిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. తర్వాత గ్రాముల తూకం మీద పండును నిలబెట్టారు. ఇకపై ఇంట్లోనూ తూచమన్నారు. పదో వంతు తగ్గినా, అంటే మూడు గ్రాములే, తేలిగ్గా తీసుకోవద్దట. తులాల లెక్కలో కొలిచే ఇంట్లో మూడు గ్రాములు పోతే ఎంత గగ్గోలవుతుందో ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు.

భయంతో మౌనం వేరు, జబ్బుతో మౌనం వేరు అన్నారాయన. భయపడ్డ పక్షి ఈకలు బిగించి, సన్నగా, ప్రతి కదలికనీ కళ్లతో వెంటాడుతూ ఉంటుంది. జబ్బు పడ్డ పక్షి పగలంతా ఈకలు ఉబ్బించి, కళ్లు అరమూసి, ప్రతి ఊపిరికీ తోక ఎగరేస్తూ, ఒక్కోసారి పంజరం నేల మీదకు దిగి కూర్చుంటుంది. వేటాడబడే జాతి కాబట్టి ఓపికున్నంతసేపు జబ్బును దాచుకుంటుంది, బయటపడిందంటే ముదిరిందని అర్థం. తినడం నిజంగా మానేస్తే రేపటిదాకా ఆగకూడదు, అదే రోజు తీసుకురావాలి. పండుది మొదటి రకం మౌనమే. మందేమీ అక్కర్లేదు. ఒక్క చోట, గోడకు ఆనించి, మన కంటి ఎత్తులో పంజరం పెట్టి, ఒక పక్క గుడ్డ కప్పి, దాన్ని మళ్లీ కదపకుండా, లోపల చెయ్యి పెట్టకుండా, వాడి మానాన వాడిని వదిలేయమన్నారు. రాత్రి 10 నుంచి 12 గంటలు చీకటి కావాలట.

ఈ చివరి మాట దగ్గర మా మరదలికి కళ్లు తిరిగాయి. సీరియళ్లు పదిన్నరకు అయిపోతాయి, ఐపీఎల్ అర్ధరాత్రికి. ఆ ఇంట్లో మనుషులకే లేని చీకటి పక్షికి ఎక్కణ్నుంచి తేవాలి? పైగా మందు రాయని డాక్టరుకి ఫీజు ఎందుకివ్వాలన్నది మా తోడల్లుడు ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్న ధర్మసందేహం.

డాక్టరు మిల్లెట్ స్ప్రే పెట్టమన్నారు కదా అని మా తోడల్లుడు ఆన్‌లైన్‌లో వెతికి, విదేశీ ప్యాకెట్ ధర చూసి నిట్టూర్చి, తెప్పించాడు. విప్పి చూసిన అత్తగారు తల పట్టుకున్నారు. అది కొర్ర కంకి. మహబూబ్‌నగర్‌లో వాళ్ల నాన్నగారి చేలో పండిన కొర్ర కంకి. "దీనికి ఇంగ్లీషు పేరు పెట్టి ఇంత గుంజారా నీ దగ్గర?" అని ఆవిడ అన్న మాట పండు విన్న తొలి తెలుగు వాక్యాల్లో ఒకటి.

ఆ తర్వాత జరిగిందాంట్లో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. పంజరాన్ని హాల్లో అల్మారా పక్కకు చేర్చారు. అందరికీ విసుగొచ్చి పండును మర్చిపోయారు. యూనిట్ టెస్టులు దగ్గరపడి అమ్మాయి మాత్రం స్కూల్ నుంచి రాగానే అక్కడే నేల మీద పక్కకు తిరిగి కూర్చుని, సోషల్ పుస్తకంలో కాకతీయుల పాఠం పైకి చదువుకునేది. పంజరం వైపు చూసేది కాదు, చూడాలనీ అనుకోలేదు. రెండు కళ్లూ సూటిగా పెట్టి తేరిపార చూసేది వేటాడే జంతువు, పక్కకు తిరిగి తన పని తను చూసుకునేదాంతో భయం లేదు అన్నది పక్షి లెక్క. రుద్రమదేవి పట్టాభిషేకం నాటికి పండు వెనక మూల వదిలి మధ్య కొమ్మ మీదకొచ్చాడు. ప్రతాపరుద్రుడి దగ్గర ఒక రెక్కా ఒక కాలూ కలిపి బారుగా చాచి ఒళ్లు విరుచుకున్నాడు. అమ్మాయి ఊచల సందులో గుచ్చిన కొర్ర కంకిని ఆమె ఎదుటే కొరికాడు. ఓ సాయంత్రం నిద్రకు ముందు ముక్కు కిందా పైనా చిన్నగా నూరుకుంటూ కనిపించాడు, అది చిలకలకు ప్రాణం హాయిగా ఉన్నప్పటి అలవాటు. మర్నాడు పొద్దున, చెత్త బండి పాట మొదలవగానే, దాని మీద పోటీగా కిచకిచలందుకున్నాడు.

విజయం ఎవరిదన్న విషయంలో ఇంట్లో భిన్నాభిప్రాయాలున్నాయి. దిష్టి తీయబట్టే అని అత్తగారు, నైరుతి నుంచి కదపబట్టే అని మేనమామ గారు, సౌండ్ థెరపీ అని మరదలు. మా తోడల్లుడు మాత్రం ప్యాకెట్ ధర చెబుతున్నాడు. అమ్మాయికి సోషల్‌లో మార్కులు తక్కువొచ్చాయని, పంజరం దగ్గర కూర్చోవడం మాన్పించాలని అనుకుంటున్నారు.

ఏదేమైనా ఒక పద్ధతి రుజువైంది కాబట్టి దాన్ని వాడకుండా వదిలేయడం బాధ్యతారాహిత్యం. నాలుగో అంతస్తులోకి కొత్తగా ఒక కుర్రాడు అద్దెకు దిగాడు. కరీంనగర్ నుంచి వచ్చాడట, ఏదో కంపెనీలో నైట్ షిఫ్టు. లిఫ్టులో తల ఊపుతాడు తప్ప నోరు విప్పడు, తలుపెప్పుడూ వేసే ఉంటుంది, పగలంతా కర్టెన్లు దించే ఉంటాయి. ఏం తింటాడో ఎవరూ చూడలేదు. ఆదివారం పొద్దున అందరం కలిసి వెళ్తున్నాం. అత్తగారు సాంబ్రాణి సిద్ధం చేశారు, హోమ్ థియేటర్ మోయడానికి మా తోడల్లుడు ఒప్పుకున్నాడు, మేనమామ గారి దగ్గర ఇప్పటికే రెండు సంబంధాలున్నాయి.