సవరణ: దానిమ్మ గింజలు ఆరు కాదు

తిరుపతిలో ఈ నెల కలిసి చదువుతున్న హేడీస్–పెర్సెఫొనీ రొమాన్స్ నవల (గ్రీకు పురాణాల్లో హేడీస్ పాతాళ రాజు, పెర్సెఫొనీ అతను ఎత్తుకుపోయిన దేవత) మీద పెట్టిన నోటులో "మూలకథలో ఆమె 6 దానిమ్మ గింజలు తింటుంది, అందుకే 6 నెలలు పాతాళంలో" అని రాశాను. అది తప్పు, సరిచూడకుండా రాసేశాను.

పెర్సెఫొనీ తల్లి, పంటల దేవత డిమీటర్ మీది ప్రాచీన గ్రీకు స్తోత్రం అనువాదంలో ఉన్నది ఒక్క గింజే. హేడీస్ గుట్టుగా ఇస్తాడు. బలవంతంగా తినిపించాడని ఆమె తల్లితో చెబుతుంది. పాతాళవాసం ఏడాదిలో మూడో వంతు, అంటే 4 నెలలు. సగం ఏడాది లెక్క రోమన్ కవి ఓవిడ్‌ది. ఆయన 'మెటమార్ఫసెస్' కావ్యంలోనేమో గింజలు 7! గింజకో నెల అనే ముచ్చట తర్వాతి తిరగరాతలది.

కాబట్టి నవలలో ఆమె తనే కోరి, వేళ్లు ఎర్రబడేలా పండు ఒలుచుకు తినే ఘాటు ఘట్టం ఆ స్తోత్రంలోది కాదు. నవల 18 దాటినవాళ్లకే అని ఆ నోటులో పెట్టిన హెచ్చరికలో మార్పు లేదు.